బోర్డు చెప్పేదాకా

ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన, రెండో అంతస్తులో మా కంపెనీ. దాన్ని కంపెనీ అని మా యజమాని ఒక్కడే అంటాడు. కింద దుకాణం వాళ్లు 'పైన రిపేరోళ్లు' అంటారు, వాళ్లే నయం. నాలుగు టేబుళ్లు, కాలిన తీగల వాసన, మెట్ల మీద ఖాళీ అట్టపెట్టెలు, గోడకు మాత్రం అద్దాల ఫ్రేములో 'కొత్త ఆలోచనే మా ఊపిరి' అని ఇంతింత అక్షరాలు. ఆ ఊపిరి ఆడగా నేను చూడలేదు. కొత్త ఆలోచన ఎవరికైనా వస్తే ముందు దాని గొంతు పిసికి, ఆ తర్వాత తీరిగ్గా చాయ్ తాగుతారు.

మేం తయారు చేసేవి టోకెన్ బోర్డులు. ఆస్పత్రుల్లో చీటీ మీద నంబరు వేసిచ్చి కూర్చోమంటారు కదా, ఆ నంబరు గోడ మీద ఎర్రగా వెలుగుతుంది. వెలగ్గానే లేచి లోపలికి పోవాలి. ఇంతకుమించి అందులో ఏమీ లేదు. అయినా మా యజమాని కరపత్రంలో దాన్ని 'స్మార్ట్ పేషెంట్ ఎక్స్‌పీరియన్స్' అని రాయించాడు. ఆయనది తాతల నాడు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం, మనిషి మరీ చెడ్డవాడు కాడు. కాకపోతే తనకు అర్థం కాని మాట ఎవరు చెప్పినా వాళ్లను నమ్మేస్తాడు, అర్థమయ్యేలా చెప్పినవాళ్లను మాత్రం లోకువగా చూస్తాడు. నేను అర్థమయ్యేలా చెప్పే రకం.

బోర్డుకు కరెంటు తగలగానే ముందుగా లేచేది బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం. అసలు సాఫ్ట్‌వేర్‌ను లేపి తాను పక్కకు తప్పుకోవడమే దాని పని. అందులో షెల్ అని ఒకటి ఉంటుంది, అంటే లాప్‌టాప్‌కు తీగ తగిలించి ఆదేశాలు టైపు చేసే చోటు. ఎలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలో ఆ ఆదేశాలతోనే ముందుగా రాసి పెట్టవచ్చు. కంపెనీలో నా పని అదే, అందరికన్నా అడుగున, ఎవరికీ కనిపించని చోట. కనిపించని పని చేసేవాళ్లకు మా ఆఫీసులో కుర్చీ కూడా విరిగిందే దొరుకుతుంది.

మా నాయిన గురించి ఇక్కడే చెప్పాలి. పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చి, సుల్తాన్ బజార్ వెనకాల ఒక ప్రెస్సులో జీవితమంతా మిషన్ నడిపాడు. ఆ మిషన్ రొద ఆయన చెవులు రెండూ తినేసింది. మల్లేపల్లిలో కిరాయి ఇంట్లో అన్న, వదినె, నాయిన, నేను కలిసే ఉంటాం. చెవుడు ముదిరాక ఇంట్లో నాయినతో మాట్లాడటం తగ్గింది, నాయిన గురించి మాట్లాడటం పెరిగింది. డాక్టరు దగ్గరికి పోతే డాక్టరు ఆయన్ని అడుగుతాడు, అన్న జవాబు చెప్తాడు. రెండో ప్రశ్నకల్లా డాక్టరు కూడా అన్న మొహమే చూస్తాడు. నాయిన మధ్యలో ఎవరో మరిచిపోయిన సంచిలాగా కూర్చుంటాడు. ఒకరోజు ఆస్పత్రి బయటికి వచ్చాక నడిరోడ్డు మీద నిలబడిపోయాడు.

"నా చెవులు పోయినయి, నోరు పోలే. నా రోగం నేను చెప్పుకుంట. ఇగ నా ఎంట ఎవ్వరు రావద్దు" అన్నాడు.

పిలిస్తే వినపడాలి కదా, ఒక్కడివే పోయి ఏం చేస్తావని అన్న సైగలతో అడిగాడు. అందులో న్యాయం లేకపోలేదు. నాయిన చెవులు చూపించుకునేది నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న ఒక ట్రస్టు ఆస్పత్రిలో. పేరు చెప్పను, చెప్పుకోదగ్గ పేరు కూడా కాదు. అక్కడి ఘనత ఏమిటంటే, చెవుల విభాగంలో అటెండరు గుమ్మంలో నిలబడి పేషెంట్లను పేరు పెట్టి కేకేసేవాడు. వినపడటం లేదని వచ్చినవాళ్లను కేకేసి పిలవడం! రెండు కేకలకు లేవకపోతే 'మనిషి లేడు' అని రాసి పక్కన పడేసేవాడు. ఎన్నేళ్లుగా అలా సాగిందో, అక్కడ తెల్లకోట్లు వేసుకున్న వాళ్లలో ఒక్కరికైనా ఇదేం చోద్యం అనిపించలేదు.

మా బోర్డులు ఆ ఆస్పత్రికి వెళ్తున్నాయని తెలియగానే మొదటిది చెవుల విభాగంలో పెట్టించమని యజమానిని బతిమాలాను. ఎక్కడైతే ఏమిటి, గోడే కదా అన్నాడాయన. బోర్డు పెట్టాక నాయిన మొదటిసారి ఒక్కడే వెళ్లి వచ్చిన రోజు మా గల్లీలో అందరికీ తెలిసిపోయింది, ఎందుకంటే చెవిటివాడి మాట ఎప్పుడూ పెద్దదే. "ఎవ్వరిని అడుగలే. నంబర్ వచ్చింది, పోయిన. డాక్టర్ నన్నే అడిగిండు" అని ఎదురింటివాళ్లకూ, కూరగాయల బండి అతనికీ చెప్పాడు. అన్న సరేనన్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. ఒక్కసారి తేడా వచ్చినా మళ్లీ నేనే వెంట వస్తాను, ఇంక మాట లేదు అన్నాడు. నాయిన ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి ఆ బోర్డు సరిగ్గా వెలగడం మీదే ఆయన పరువంతా ఆధారపడింది.

ఇప్పుడు మా ఆర్కిటెక్టు. ఇళ్లు కట్టేవాడు కాదు, సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో నమూనా గీసిచ్చేవాడు. గచ్చిబౌలి వైపు పెద్ద పెద్ద కంపెనీల్లో చేసి వచ్చాడని మా యజమాని కళ్లకద్దుకుని తెచ్చుకున్న మనిషి. ఆబిడ్స్‌లో పార్కింగ్ దొరకదట, అందుకని ఇంటి నుంచే పనిచేస్తాడు. ఆఫీసులో ఎవరిదైనా పుట్టినరోజై బిర్యానీ తెప్పించిన రోజు మాత్రం ఆయనకు పార్కింగ్ దొరుకుతుంది. బోర్డు పాడైతే ఏం చేయాలన్న నియమం రాసింది ఆయనే. ఎక్కడో చల్లటి దేశంలో, కరెంటు ఎన్నడూ పోని చోట రాసుకున్నదాన్ని దింపేశాడు. బోర్డు లేచిన ప్రతిసారీ లెక్క ఒకటి పెరుగుతుంది. అసలు సాఫ్ట్‌వేర్ పూర్తిగా లేచాక లెక్క సున్నా అవుతుంది. సున్నా కాకుండానే లెక్క మూడు దాటితే, సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని బూట్‌లోడర్ తేల్చుకుని అక్కడికక్కడే ఆగిపోతుంది, రిపేరు మనిషి వచ్చేదాకా ఉలుకూ పలుకూ ఉండదు.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ మహానుభావుడు మన ఊళ్లో మనుషుల్ని ఎప్పుడైనా చూశాడా అన్నది నా అనుమానం. మన దగ్గర టీవీకైనా, ఫ్యానుకైనా, లిఫ్టుకైనా, కంప్యూటరుకైనా వైద్యం ఒక్కటే, జర బంద్ జేసి చాలూ జెయ్యి. మా బోర్డు పూర్తిగా లేవడానికి సగం చాయ్ తాగేంత సేపు పడుతుంది. అంతసేపు చూసే ఓపిక ఎవడికుంది? వెలగలేదని బంద్ చేస్తారు, మళ్లీ వేస్తారు, మళ్లీ బంద్ చేస్తారు. సాఫ్ట్‌వేర్ లేచే సందే ఇవ్వరు. లెక్క పెరుగుతూ పోతుంది. నిక్షేపంలాంటి బోర్డు తనను తానే రోగి అనుకుని మంచమెక్కుతుంది.

ఈ సంగతి చెప్తే ఆయన దానికీ ఒక మందు కనిపెట్టాడు, మూడు బదులు పది అని మార్చాడు. మా షెల్ ఏ గుర్తూ లేకుండా రాసిన అంకెల్ని పదహారు లెక్కన చదువుతుంది, అక్కడ 10 అని రాస్తే పదహారని అర్థం. ఈ పనిలో అడుగుపెట్టిన మొదటి వారంలో తెలుసుకోవాల్సిన ముక్క అది. బోర్డు పది దాటినా ఆగకపోయేసరికి ఈ బోర్డుకు లెక్కలు రావు, చిప్పే నాసిరకం అని అందరికీ మెయిల్ పెట్టాడు. దానికి మా యజమాని చప్పట్ల బొమ్మ పెట్టాడు. నేను నవ్వుకున్నాను. తర్వాత ఎవరు చెప్పారో, చప్పుడు చేయకుండా మళ్లీ మూడుకే మార్చేశాడు.

అసలు మందు వేరే. బోర్డు ఎందుకు మళ్లీ లేవాల్సి వచ్చిందో చిప్‌కు గుర్తుంటుంది. ఎవరో స్విచ్ నొక్కడం వల్లనా, సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోతే చిప్‌లోనే ఉండే కావలి గడియారం దాన్ని తన్ని లేపడం వల్లనా అన్నది అక్కడ రాసి ఉంటుంది. కాబట్టి నియమం ఇలా ఉండాలి. లెక్క మూడు దాటి ఉండి, కారణం బిగుసుకుపోవడమే అయితే ఆగు. లేదా సాఫ్ట్‌వేర్ ఫైలే చెడి ఉంటే ఆగు. లేకపోతే నోరుమూసుకుని లే. మనిషికి చెప్తే ఒక్క ముక్కలో అర్థమయ్యే మాట. మా పాత షెల్‌కు చెప్పడమే గగనం. దానికి వచ్చిన లెక్కంతా రెండు సంఖ్యలు, మధ్యలో ఒక గుర్తు. కూడుతుంది, తీసేస్తుంది. మూడు దాటిందా అని చూసే పని బూట్‌లోడర్‌లో విడిగా ఉంది, షెల్‌కు మాత్రం ఇది పెద్దదా అది పెద్దదా అంటే తెలియదు. మూడో సంఖ్య ఇస్తే మొహం తిప్పుకుంటుంది. బ్రాకెట్ కనిపిస్తే అదేదో బూతు మాటైనట్టు అక్కడే ఆగిపోతుంది.

దానికి లెక్కలు నేర్పాలని కూర్చున్నాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న, అట్ట ఊడిన ఒక పాత పుస్తకమే నాకు గురువు. బ్రాకెట్ తెరుచుకుంటే చేతిలో పని పక్కన పెట్టి ముందు లోపలిది తేల్చాలి, మూసుకోగానే పక్కన పెట్టినదాన్ని మళ్లీ అందుకోవాలి. కూడికల తర్వాత పోలికలు, పోలికల తర్వాత 'అయితేనే', 'లేదా' వంటివి. ఇదంతా అరచేతిలో పట్టేంత జాగాలో ఇమడాలి, ఎందుకంటే బూట్‌లోడర్‌కు దొరికే చోటే అంత. అన్నిటికన్నా కష్టం తప్పుల సంగతి. ఎవడైనా బ్రాకెట్ మూయడం మరిచిపోతే షెల్ ఏం చేయాలి? తప్పు ఉందని చెప్పి, బోర్డును మాత్రం లేపాలి. రాసినవాడి నిర్లక్ష్యానికి గోడ కింద కూర్చున్నవాళ్లు ఎందుకు అనుభవించాలి? ఆ ఒక్క విషయం మీద నేను చాలా రోజులు కుస్తీ పడ్డాను. చివరికి ఆర్కిటెక్టు అయితే మూడు తెరల పొడవునా రాసే తంతు ఒక్క వరుసలో పట్టింది. స్విచ్ పట్టుకుని ఆస్పత్రివాళ్లు నొక్కినట్టే టకటకా నొక్కి చూశాను. ప్రతిసారీ లేచింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియక, కిందికి దిగి ఒక్కదాన్నే మిర్చీ బజ్జీలు తిన్నాను.

మీటింగు పెట్టారు. ఆర్కిటెక్టు ఫోన్ తెరలో ప్రత్యక్షమయ్యాడు, వెనకాల నకిలీ సముద్రం బొమ్మతో. నేను రాసినదాన్ని తెరిచి చూడను కూడా లేదు. బూట్‌లోడర్ పునాది లాంటిదని, పునాదిని కదపకూడదని, ప్రపంచంలో ఎవరూ కదపరని చెప్పాడు. యజమాని తల ఊపి ఊపి నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, బ్రాకెట్ల కోసం ఇన్నాళ్లు కూర్చున్నావా? అటెండరు రెండుసార్లు స్విచ్ వేస్తే మనకేంటి నష్టం?"

నష్టం ఎవరికో చెప్పబోయాను. మా నాయిన అని మొదలుపెట్టేసరికి, ఇంటి విషయాలు తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. సముద్రం ముందు కూర్చున్నాయన నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు వాదించాలనిపించలేదు. కొందరితో వాదిస్తే వాళ్లకు లేని గౌరవం మనమే ఇచ్చినట్టవుతుంది. పాత నియమంతోనే బోర్డులన్నీ ఉండిపోయాయి. నాది నా లాప్‌టాప్‌లో ఉండిపోయింది.

దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజు మా యజమాని 'యంత్రాలను గౌరవిద్దాం' అని అందరికీ వాట్సాప్‌లో బంతిపూల బొమ్మ పంపాడు. ఆస్పత్రిలో కూడా పూజ చేశారు. స్కానింగ్ మిషన్‌కు, అంబులెన్సుకు, లిఫ్టుకు, మా బోర్డుకు. పూజ చేయాలంటే ముందు బంద్ చేయాలి కదా, చేశారు. బొట్టు పెట్టి, దండ వేసి, నిమ్మకాయ కట్టి చాలూ చేశారు. హారతి ఇచ్చేలోపు వెలగలేదని మళ్లీ బంద్ చేశారు. దేవుడి ముందు వెలగకపోతే అపశకునమని ఇంకోసారి, ఇంకోసారి. మా బోర్డు లెక్క మూడు దాటింది. మంచి ముహూర్తంలో మొద్దుబారిపోయింది. దండ వేసిన వాళ్లు పండగ సెలవుకు వెళ్లిపోయారు.

సెలవు తర్వాత ఆస్పత్రి తెరిచిన రోజే నాయినకు ముఖ్యమైన రోజు. చెవి మిషన్ అమర్చే నిపుణుడు ఆ ఆస్పత్రికి నెలకోసారి వస్తాడు, ఆ నెల వంతు ఆ రోజే. నాయిన పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని, చీటీలు జేబులో పెట్టుకుని ఒక్కడే బయలుదేరాడు. ఈ మిషన్ వస్తే ఇంట్లో మీ గుసగుసలన్నీ వింటానని వదినెను బెదిరించి మరీ పోయాడు. నేను ఆఫీసుకు వెళ్లాను. పొద్దెక్కాక ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది, బోర్డు పని చేయడం లేదని. ఆర్కిటెక్టుకు ట్రాఫిక్ అడ్డమొచ్చింది. నువ్వైతే నడిచి వెళ్లిపోతావు కదమ్మా అన్నాడు యజమాని. లాప్‌టాప్, తీగ సంచిలో వేసుకున్నాను. స్టేషన్ రోడ్డు మీద ఆటోల మధ్య నుంచి దాదాపు పరిగెత్తాను. పొద్దున్నే పోయాడు, ఈపాటికి పని అయిపోయి ఉంటుందిలే అని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.

హాలు సగం ఖాళీ అయింది. అటెండరు మళ్లీ గుమ్మంలో నిలబడి కేకలు పెడుతున్నాడు. మొదటి వరుసలో నాయిన కూర్చున్నాడు, చీటీ వేళ్ల మధ్య పట్టుకుని, బంతిపూల దండ వేసిన నల్లటి బోర్డు వైపు చూస్తూ. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది. బోర్డు వైపు చెయ్యి చూపించి, లేపు అని సైగ చేశాడు. పక్కన కూర్చున్న ముసలమ్మకు కొంచెం వినపడుతుంది, ఆమె నా కొంగు పట్టుకుని ఆపింది.

"మీ నాయినా? ఎప్పుడో పిలిచిన్రు బిడ్డా. భుజం తట్టి పొమ్మని నేనే చెప్పిన. లేవలే. ఇది నా బిడ్డ చేసిన బోర్డు, దీంట్ల నంబర్ రాంది నేను లేవ అన్నడు."

నేను లోపలికి పరిగెత్తాను. నిపుణుడు మిషన్లు సర్దుకుని వెళ్లిపోయాడు. నాయిన పేరు పక్కన 'మనిషి లేడు' అని రాసి ఉంది. మనిషి పొద్దున్నుంచీ మీ ఎదురుగానే ఉన్నాడు కదయ్యా అని అడిగితే, పిలిస్తే పలకాలి కదమ్మా అన్నాడు అటెండరు. చెవిటివాడు పలకలేదట. ఆ మొహం మీద ఉమ్మేయాలన్నంత కోపం వచ్చింది. కానీ వాడి కన్నా పెద్ద వెధవలు నా ఆఫీసులోనే ఉన్నారు, వాడినొక్కణ్ణి అని ఏం లాభం? వచ్చే నెల రమ్మన్నారు.

స్టూలు వేసుకుని బోర్డు దగ్గరికి ఎక్కాను. బంతిపూలు వాడి కంపు కొడుతున్నాయి. తీగ తగిలించి చూస్తే బూట్‌లోడర్ షెల్ నా కోసం మెరుస్తూ కూర్చుంది. సాఫ్ట్‌వేర్ శుభ్రంగా ఉంది. ఎవరినీ అడగలేదు, అడిగితే ఏమంటారో తెలుసు. పాతదాన్ని తీసిపారేసి నాది ఎక్కించాను, బ్రాకెట్లతో సహా నా ఒక్క వరుస రాశాను. కిందికి దిగి స్విచ్ బంద్ చేసి వేశాను, మళ్లీ బంద్ చేసి వేశాను, అటెండరు నోరు తెరుచుకుని చూస్తుండగా ఇంకా ఇంకా నొక్కాను. చివరిసారి వేసి చెయ్యి తీసేశాను. బోర్డు లేచింది. ఆ పూట అప్పటిదాకా పిలిచిన చివరి నంబరును చీటీలిచ్చే కంప్యూటర్లోంచి అందుకుని ఎర్రగా వెలిగింది.

నాయిన ఆ నంబరు చూశాడు. చేతిలో చీటీ చూశాడు. మళ్లీ నంబరు చూశాడు.

"నాది దాటిపోయింది గదా" అన్నాడు.

అవునని తల ఊపాను. చీటీని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, రహస్యం అనుకుని, హాలంతా మారుమోగేలా అన్నాడు: "అన్నకు చెప్పకు బిడ్డా. చెప్తే ఇగ ఒక్కన్ని పోనియ్యడు."

హాల్లో వినగలిగిన నలుగురూ తల తిప్పి చూశారు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఫోన్ మోగింది. యజమాని. బోర్డు లేచిందని ఆస్పత్రివాళ్లు చెప్పారట. ఆర్కిటెక్టు ఫోన్‌లో సలహా ఇచ్చి సమస్య పరిష్కరించాడని ఆస్పత్రికి ఇప్పుడే మెసేజ్ పెట్టానని, నువ్వు కూడా అలాగే చెప్పమని అన్నాడు. చూశావా, నీ బ్రాకెట్లు లేకుండానే అయిపోయింది అని నవ్వాడు. ఔను సార్ అన్నాను. నిజం చెప్పడానికైనా ఎదుటివాడికి ఒక పాటి విలువ ఉండాలి.

సాయంత్రం అన్నం ముందు కూర్చున్నప్పుడు అన్న ఎప్పటిలాగే నన్ను అడిగాడు, మిషన్ పెట్టిన్రా అని. నాయిన కంచంలోంచి తలెత్తి అన్న మొహం చూశాడు. ఏమడిగాడో వినకుండానే తెలిసింది. నేను నోరు తెరిచేలోపు ఆయనే చెప్పాడు.

"డాక్టర్ రాలే. వచ్చే నెల రమ్మన్నరు. నేనే పోత."

అన్న నమ్మాడు. ఇన్నేళ్లకు మా ఇంట్లో నాయిన తన జవాబు తానే చెప్పుకున్నాడు, అదీ అబద్ధం. నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.